పేరు చెప్పి లోపలికి రండి

ఏయ్ పిచ్చుకా, చాల్లే, ఇక ఆ అద్దాన్ని వదిలిపెట్టు. పొద్దుటినుంచీ దానిముందు నిలబడి నీ పేరు చెబుతూనే ఉన్నావు. అదెప్పుడో విన్నది, పాపం నోరు లేక ఊరుకుంది. రేపు ఇంటర్వ్యూ అని తెలుసు, మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోతోందనీ తెలుసు. గోడకు చెవులుంటాయో లేదో గానీ నాకు రెండున్నాయి. ఇలా వచ్చి కూర్చో, ఒక మనిషి కథ చెబుతాను. ఎవరని అడగకు, అడిగినా చెప్పను. నత్తి ఉన్నవాణ్ణి ఆమడ దూరంనుంచి పసిగట్టేస్తానని గొప్పలు పోతుంటావుగా, నీ ముక్కు ఎంత చురుకో ఇవాళ తేలిపోతుంది. అతన్ని మనవాడు అనుకుందాం. పరాయివాడేం కాదులే.

మనవాడు ఒక నడవాలో, ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, కదిలితే చాలు కుర్చీ టకటకటకమంటుంది, చివరికి నాకు నత్తి కుర్చీయే దొరికిందా అనుకున్నాడు. ఎదురుగా గరుకు గాజు తలుపు, తలుపు పక్కన గోడకి సబ్బుపెట్టెంత మాటల పెట్టె, పెట్టెకి చిల్లులు, చిల్లుల కింద నల్ల మీట, మీట పైన అంటించిన కాగితం మీద, మీట నొక్కండి, పేరు చెప్పండి, లోపలికి రండి. నొక్కడం వేలి పని, రావడం కాళ్ళ పని, ఆ రెంటికీ మనవాడు ఎప్పుడో సిద్ధం, మధ్యలో ఉన్నదే చూడు, అది గొంతు పని. ఏ మాటైనా అడ్డం పడితే పక్కమాట ఒకటి దొరుకుతుంది, నీళ్ళు అనలేకపోతే దాహం అనొచ్చు, బస్సు అనలేకపోతే నడిచే వచ్చానని అబద్ధమాడొచ్చు, కానీ పేరుకి పక్కమాట ఎక్కడిది, అమ్మానాన్నలు ముద్దుగా పెట్టారు సరే, పెట్టేముందు వీడు దీన్ని జీవితాంతం పలకాలి కదా అని ఒక్కరికైనా తట్టిందా. ఇందాక తోడల్లుడు ఇదే పెట్టె దగ్గరికి వెళ్ళాడు, భార్యకి అక్క మొగుడు, చొక్కాకి మడత లేదు, జుట్టులో ఒక్క వెంట్రుక చెదరలేదు, మీట నొక్కి పెట్టె మీదికి వంగి, "నేనేనండీ, మీరు పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్నవాణ్ణే" అన్నాడు, లోపల ఆడగొంతు ఒకటి పకపకా నవ్వింది, తలుపు కిర్రుమని తెరుచుకుంది. గోడకి కొట్టిన పెట్టె కూడా వాడికి నవ్వుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదట, ఊరంతా వాడికి మంచిది, మరి నోట్లో గులకరాళ్ళున్నవాడు ఏ ఊరికి పోవాలి.

అసలు వాడెందుకు రావాలి, వాడికేం తక్కువ, మనవాడి కంపెనీ స్టోరులోనే నీడపట్టున కూర్చుని బోల్టులూ నట్లూ అందిస్తాడు, వచ్చినవాడికల్లా ఒక ముద్దుపేరు పెట్టి, ఒక జోకు వేసి పంపిస్తాడు, సాయంత్రం పెందరాళే ఇంటికి పోతాడు. మనవాడి పని అలాంటిది కాదు, లిఫ్టులు బాగుచేయడం, లిఫ్టులకి రోగాలన్నీ సాయంత్రమే వస్తాయి, జనం అలిసిపోయి ఇళ్ళకి చేరే వేళకి ఎక్కడో ఒకటి రెండంతస్తుల మధ్య అలిగి కూర్చుంటుంది, మనవాడు గ్రీజు చేతులతో గొయ్యిలోకి దిగుతాడు, పైకి ఎక్కుతాడు, మోటారుని నోటికొచ్చినట్టు తిడతాడు, తిట్టేటప్పుడు ఒక్క అక్షరం తడబడదు, మోటారు ముందు ఎంత పండితుడో మనిషి ముందు అంత మూగవాడు. ఇంటికి చేరేసరికి కూతురు పడుకుని ఉంటుంది. ఆ నిద్రలో కూడా పెదాల మీద నవ్వు, ఆ నవ్వు పెట్టిన తోడల్లుడు పై వాటాలో ఉంటాడు, రోజూ దిగి వచ్చి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒక కథలోంచి ఇంకో కథలోకి దూకి నిద్రపుచ్చి పోతాడు. ఒక సెలవురోజు మనవాడే కథ మొదలుపెట్టాడు, అనగనగా దగ్గరే అ, అ, అ అని ఆగిపోయాడు, పిల్ల బుగ్గమీద చెయ్యి వేసి చాలా దయగా, నువ్వు ఆగు నాన్నా, పెద్దనాన్న వచ్చి చెబుతాడులే అంది. దయగా అంది, అదే కదా బాధ, వెక్కిరించినా ఇంత మండేది కాదు. ఇప్పుడు ఖాళీ అయింది పగటి ఉద్యోగం. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు లోపలున్న ఫోన్ ఎత్తితే ఇటువైపు పలకాలి, మెకానిక్ వచ్చేదాకా ధైర్యం చెప్పాలి, అంతే పని. మాటల ఉద్యోగం నత్తివాడికేంట్రా అని తోటివాళ్ళు పొట్ట పట్టుకున్నారు, నవ్వనీ, ఈ గాజు తలుపు దాటితే సాయంత్రాలు నావి, దాటకపోతే వాడివి.

అలాంటిది, మనవాడు దరఖాస్తు పెట్టిన మర్నాడే వాడూ పెట్టాడు. ఎందుకు పెట్టావని అడిగితే, నువ్వొక్కడివే వెళ్తే తోడెవరుంటారు తమ్ముడూ అని భుజం మీద చెయ్యి వేశాడు. తోడు. పెళ్ళిలోనూ ఇలాగే తోడొచ్చాడు, బంధువులు వరసగా వచ్చి ఏం బాబూ ఎంతవరకు చదివావు, ఎక్కడ పని అని అడుగుతుంటే మనవాడి గొంతులో మాట సగంలో ఉండగానే, మావాడు తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ ఆలోచిస్తాడు అని నవ్వించేశాడు, పెళ్ళికూతురు కూడా నవ్వింది, తనకి మొగుడు కాబోయేవాడి పక్కన కూర్చుని, ఇంకొకడి మాటకి. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుతుంది. మామగారి ఇంట్లో భోజనానికి కూర్చుంటే మామగారి మొహం పొద్దుతిరుగుడు పువ్వులా వాడివైపే తిరిగి ఉంటుంది, మనవాడు నోరు తెరిస్తే మాత్రం మామగారు పళ్ళెంలోకి చూస్తారు, మాట పూర్తయ్యేదాకా మెతుకులు ఏరుతారు. అత్తగారు మాట అందిస్తుంది, ఏం కావాలి బాబూ ఉప్పా, పప్పా, మజ్జిగా అని, కాదు నేను వాన గురించి చెబుతున్నానండీ అనడానికి మళ్ళీ ఒక యుద్ధం, దానికన్నా మజ్జిగ తాగడం సులువు. ఎన్ని గ్లాసుల మజ్జిగ తాగి ఉంటాడు తను, అక్కర్లేకుండా.

ఇంటర్వ్యూల్లో అయితే మంచినీళ్ళు. నత్తికి మందు మంచినీళ్ళని ఎవడు కనిపెట్టాడో, నోరు తడబడగానే గ్లాసు ముందుకు జరుపుతారు. మొదటి ఇంటర్వ్యూలో పేరు అడిగారు, పెదాలు కలిశాయి, మళ్ళీ విడిపోలేదు, గొంతులో తలుపు పడిపోయింది, గోడ మీద గడియారం ముల్లు తిరుగుతోంది, అడిగినాయన నవ్వుతూ, పేరు మర్చిపోయారా అన్నాడు. మంచివాడే, ఏదో తేలిక చేద్దామని అన్నాడు. ఆ తర్వాత చాలాచోట్ల దగ్గు నటించాడు, జలుబని చెప్పాడు, ఒకచోట జవాబు తెలిసి కూడా తెలీదన్నాడు, తెలీదు అనే మాట సులువుగా వస్తుంది గనక. ఈసారి వారం రోజులు భార్య ఆఫీసరయింది, దుప్పటి భుజాన వేసుకుని దిండు ఒళ్ళో పెట్టుకుని, చెప్పండి మీ పేరు అంటుంది, అని తనే ఆత్రంగా పెదాలు కదుపుతుంది, మాట అందించకు అంటే, అందించలేదుగా ఊరికే కదిపాను అంటుంది. బడిలో అందరితో కలిసి పద్యం చదివితే గలగలా వచ్చేది, పంతులుగారు నువ్వొక్కడివే చదవరా అనగానే ఆగిపోయేది, లోకమంతా తనతో కలిసి ఒక్కసారి తన పేరు చెబితే ఎంత బాగుండు. ఫోన్ మోగగానే హలో అనగలిగినవాళ్ళందరి మీదా కుళ్ళు మనవాడికి, బస్సులో స్టాపులు అరిచే కుర్రాడి మీద, రేడియోలో వాతావరణం చెప్పేవాడి మీద, చిల్లర లేదండీ అని విసుక్కునే కొట్టువాడి మీద, కానీ అవన్నీ పొగ, నిప్పు మాత్రం తోడల్లుడే. ఎంత అందగాడో కూడా చెప్పాలి, సరే, ఆ సంగతి ఇంకోసారి.

నీకేం చేతనవును, ఒకటి చెప్పు, లోపల అడుగుతారు, అని మనవాడు తనని తానే అడుక్కున్నాడు. ఒక ముసలావిడ గుర్తుకొచ్చింది. పాత భవనం, చీకటి లిఫ్టు, లోపల ఆవిడ ఒక్కతే, పై అంతస్తు దాకా వినబడేలా కేకలు, మనవాడు తలుపు సందులోంచి, భ, భ, భ అన్నాడు, భయపడకండి అనబోయి. లోపల్నుంచి కేకలు ఆగాయి. భోజనమా, అంది ఆవిడ. కాదండీ భ, భ. భద్రమా. భ. భయమా, ఆఁ, భయపడకు అంటున్నావా నాయనా, అలా చెప్పు మరి. తర్వాత ప్రతి మాటా ఆవిడే అందించింది, తాడు, తాళం, మోటారు, అన్నీ, తలుపు తెరిచేసరికి తను ఇరుక్కున్న సంగతే మర్చిపోయి, నువ్వు కంగారు పడకు బాబూ అని మనవాడి వీపు నిమిరింది. ఇది చెప్పాలి లోపల. చెబితే నవ్వుతారా, తోడల్లుడికి నవ్వినట్టు నవ్వుతారా, వేరేలా నవ్వుతారా. వాడైతే ఇదే కథని ఎంత బాగా చెబుతాడో. ఛీ, నా కథ కూడా వాడి నోట్లోనే బాగుంటుంది.

పెట్టె లోపలి మీట ఎవరో ఆపడం మర్చిపోయినట్టున్నారు, చిల్లుల్లోంచి నవ్వులు సన్నగా కారుతున్నాయి. మనవాడు వినకూడదనుకున్నాడు, వినకూడదనుకుంటూనే కుర్చీ ముందుకు జరిపాడు, కుర్చీ టకటకమంది, నోర్ముయ్ అన్నాడు దాన్ని. లోపల ఆ ఆడగొంతు, కళ్ళజోడు పెట్టుకున్నావిడ, పొద్దున కారిడార్లో కనబడింది, పరీక్ష పెడుతోంది. ఫోన్ మోగిందనుకోండి, నేను లిఫ్టులో ఉన్నాననుకోండి, ఎత్తగానే ముందు మీ పూర్తి పేరు చెప్పాలి, అది మా పద్ధతి, ఇరుక్కున్నవాళ్ళకి అవతల పేరున్న మనిషి ఒకడున్నాడని తెలిస్తేనే సగం ధైర్యం. సరేనమ్మా అన్నాడు తోడల్లుడు, నేనేనండీ, మీ ఇంటి మనిషే అనుకోండి. నవ్వు. పేరు చెప్పండి. పేరుకేం తొందరమ్మా, ముందు మిమ్మల్ని కిందకి దింపనివ్వండి, కింద టీ తాగుతూ పరిచయం చేసుకుందాం. మళ్ళీ నవ్వు, ఈసారి కొంచెం సన్నగా. బాగుందండీ, కానీ పేరు చెప్పాలి. అదుగో, వగలు పోతున్నాడు అనుకున్నాడు మనవాడు, పేరు ఉండి, నోరు ఉండి, చెప్పకుండా దాంతో బంతాట ఆడుకుంటున్నాడు, కడుపు నిండినవాడు అన్నంతో ఆడుకున్నట్టు. తర్వాత తోడల్లుడి గొంతు ఒక పేరు చెప్పింది.

మనవాడి పేరు. మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా. నున్నగా, గుండ్రంగా, నీళ్ళలోకి గులకరాయి జారినంత తేలిగ్గా. తన పేరు ఇంత బాగుంటుందని మనవాడికి ఇన్నేళ్ళుగా తెలీదు, దాన్ని ముక్కలుగానే విన్నాడు ఎప్పుడూ. ఒళ్ళు భగ్గుమంది. కూతురు నవ్వు తీసుకున్నాడు, పెళ్ళాం నవ్వు తీసుకున్నాడు, మామగారి మొహం తనవైపు తిప్పుకున్నాడు, ఇక మిగిలింది ఇదే, పేరు, అది కూడా వాడి నోట్లోనే పూచింది. ఇది వేళాకోళం, స్టోరులో అందరినీ ఆడించినట్టు లోపలివాళ్ళని ఆడిస్తున్నాడు, బయట వీడు వింటున్నాడని తెలిసే చేస్తున్నాడు. మనవాడు లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు, మీట మీద వేలు పెట్టాడు, ఈ ఒక్కసారికి ఎంత నత్తి వచ్చినా సరే తిట్టాలని. లోపల ఇంకెవరో పెద్దాయన గొంతు నెమ్మదిగా, ఈ పేరు బయట కూర్చున్నాయనది కదండీ, మీది చెప్పండి అంది.

గాజులోంచి మనిషి ఆకారం ఒక్కటే తెలుస్తోంది. చెయ్యి తొడ మీద కొట్టుకుంటోంది. గడ్డం కొద్దిగా పైకి లేచింది, పక్కకి తిరిగింది. పెట్టెలోంచి మాట రావట్లేదు, గొంతులో గాలి మూసుకున్నప్పుడు వచ్చే చిన్న టిక్కు వస్తోంది, మళ్ళీ టిక్కు, మళ్ళీ. ఆ టిక్కు లోకంలో ఎవరికీ వినబడదు. మనవాడికి వినబడింది, పుట్టినప్పటినుంచీ దానితోనే కాపురం. వేలు మీట మీదే ఉండిపోయింది. పాముకాళ్ళు పాముకే తెలుస్తాయంటారు, మరి ఈ పాముకెందుకు తెలియలేదు ఇన్నేళ్ళూ, కళ్ళల్లో అంత కారం పోసుకుని చూస్తే ఏం కనబడుతుంది. స్టోరులో ప్రతివాడికీ ముద్దుపేరు ఎందుకు పెట్టాడు. ఫోన్ ఎత్తితే నేనే, ఇంకెవరు అని ఎందుకంటాడు. హోటల్లో ఎప్పుడూ, ఆయనకి ఏం పెట్టారో నాకూ అదే, అని వేలు చూపిస్తాడే. ఆ కథలు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఆ దూకుళ్ళు, రాజు అనే మాట అడ్డం పడితే మంత్రి కొంపకి, అక్కడా అడ్డం పడితే అడవిలోకి, వాడు కథ చెప్పడం లేదు, పారిపోతున్నాడు, పిల్ల చప్పట్లు కొడుతోంది. పెళ్ళిలో ఆ మాట, తక్కువ మాట్లాడతాడని, అది వెక్కిరింత కాదు, అడ్డు నిలబడటం. ఇంకోటి, అది మనవాడు ఎవరికీ చెప్పుకోలేదు, కిందటి నెల పిల్ల ఆడుకుంటూ నా, నా, నాన్నా అంది, ఇంటిల్లిపాదీ మనవాడివైపు చూశారు, వీడే అంటించాడన్నట్టు, వాడొక్కడే చూడలేదు, నేల చూశాడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడిలా. పిల్ల రోజూ కూర్చునేది వాడి ఒళ్ళోనే కదా మరి.

తలుపు తెరుచుకుని తోడల్లుడు బయటికి వచ్చాడు. జుట్టు అలాగే ఉంది, మొహం మాత్రం ఎవరో పిండి ఆరేసినట్టుంది. పొట్టికాలి కుర్చీలోనే కూలబడ్డాడు, కుర్చీ టకటకమంది, ఇద్దరూ దాన్నే చూశారు.

"విన్నావా" అన్నాడు.

మనవాడు తలూపాడు.

"నా పేరు రాలేదు త, త, తమ్ముడూ. నోటికి ఏది దొరికితే అది అనేశాను. నీదే దొరికింది." ఈసారి ఏ మాటా వెతుక్కోకుండా, ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ చెప్పాడు. "నీ మీద నాకెంత కుళ్ళో తెలుసా. నీకు నత్తి అని అందరికీ తెలుసు, దాచేదేం లేదు, హాయిగా నత్తి మాట్లాడుకుంటావు. నేను ఒక్క మాట అనడానికి మూడు మాటలు దాటాలి. అంత నత్తి పెట్టుకుని నువ్వు మాటల ఉద్యోగానికి పోతున్నావని తెలిసి ని, నిద్రపట్టలేదురా నాకు."

ఇన్నేళ్ళు తను కాలిన మంట పక్కనే ఇంకో పొయ్యి ఉందని, అది తన మీదే మండుతోందని ఎవరైనా చెబితే నమ్మేవాడా. "మ, మరి నేను నీ మాటల మీదే క, క, కదా అన్నయ్యా ఏడ్చి చచ్చింది" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వుకి నత్తి ఉండదు చూడు, అది మాత్రం ఇద్దరికీ ఒకేలా వచ్చింది. తర్వాత మనవాడు లేచి మీట నొక్కాడు. దగ్గలేదు, జలుబనలేదు, మొదటి అక్షరం దగ్గర నిలబడ్డాడు, అది ఎంతసేపు నిలబెడితే అంతసేపు, వెనక కుర్చీలో తోడల్లుడి పెదాలు కదలకుండా బిగిసి ఉన్నాయి, పెట్టె గరగరమంటూ ఓపిక పట్టింది, పేరు ముక్కలు ముక్కలుగా, కానీ ముక్క పోకుండా, మొత్తం లోపలికి వెళ్ళింది. లోపల కళ్ళజోడావిడ లిఫ్టులో ఇరుక్కున్నట్టు నటించింది, మనవాడు భ, భ అన్నాడు, భోజనమా అంది ఆవిడ తనకి తెలియకుండానే, అని నాలిక్కరుచుకుంది. అప్పుడు చెప్పాడు ముసలావిడ సంగతి. నవ్వారు, మాట అందించకుండా చివరిదాకా ఆగి నవ్వారు.

ఉద్యోగం ఎవరికొచ్చిందని అడగవేం పిచ్చుకా. అడగక్కర్లేదులే. చిన్నప్పుడు సాయంత్రాలు నీ పక్కన పడుకుని, ఒక్క నక్క కథని వారం రోజులు లాగి, నక్క న, న, న దగ్గరే నీకు నిద్రపట్టించింది ఎవరు. ఆ పిల్లవి నువ్వేనని, మనవాడు మీ నాన్నేనని సగంలోనే పట్టేశావు, మొహం చూస్తేనే తెలుస్తోంది. మీ నాన్న మనసులోది నాకెలా తెలుసంటావా, ఆ రోజునుంచీ మా ఇద్దరికీ మెట్ల మీద కూర్చుని చెప్పుకోవడమే పని. నువ్వు కింద ఆ నత్తి కథకి కిలకిలా నవ్వుతుంటే పైమెట్టు మీద కూర్చున్న ఈ పెద్దనాన్నకి ఎంత మండేదో నీకేం తెలుసు, ఇప్పటికీ మండుతుంది. సరే, నీ ముక్కు సంగతి చూద్దాం. ఇంత కథ చెప్పానే, ఒక్కరి పేరైనా చెప్పానా? పుట్టినప్పటినుంచీ నిన్ను పిచ్చుకా, బొంగరమా, అల్లరి బుట్టా అని పిలుస్తుంటే ముద్దనుకున్నావు. ముద్దే, కాదనను. కానీ నా జన్మలో తడబడకుండా చెప్పిన పేరు ఒకే ఒక్కటి, అది మీ నాన్నది. రేపు నువ్వు చెప్పాల్సిన పేరు నా గొంతులోనూ సరిగ్గా అక్కడే ఆగుతుంది, ఇన్నేళ్ళూ నీ ముక్కు కిందే కూర్చుని నిన్నే మోసం చేశాను తల్లీ. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నా, నీ పేరే. ఎంతసేపైనా పట్టనీ. మధ్యలో అందించావంటే చెవి మెలేస్తాను.